నాలుగో నంబరు రికార్డరు

మా ఇల్లు, వంటింటి కిటికీ దగ్గర
సోమవారం

పొట్టీ,

నీ ఫోను మూడుసార్లు మోగింది. చూస్తూ కూర్చున్నాను గాని ఎత్తలేదు. నీ గొంతూ దాని గొంతూ ఒక్కటేనని మీ చిన్నప్పటి నుంచీ అందరూ అనేవాళ్ళు. మీ ఇద్దరిలో ఎవరు తలుపవతల నుంచి "అమ్మా" అన్నా నేనూ మీ అమ్మా ఇద్దరం లేచేవాళ్ళం. ఇప్పుడు ఫోనెత్తితే ముందు నా కూతురే పలికినట్టుంటుంది, ఆ తరవాత అది నువ్వని తెలుస్తుంది. ఆ తెలియడం నాకొద్దు. చెప్పేదేదో కాగితం మీద చెప్పు. ఐదో తరగతి చదువైనా కూడబలుక్కుని చదువుకోగలను. నా రాతలో తప్పులుంటే నవ్వుకో.

ఆఫీసులో అక్క కుర్చీ నీకిచ్చారని మీ అమ్మ చెప్పింది. సంతోషం. సంతోషం అని రాసి, తరవాత ఏం రాయాలో తెలియక లేచి టీ పెట్టుకుని తాగి వచ్చాను. దాచుకోవడం దేనికి, ఒళ్ళు మండింది. అది పోయి ఎనిమిది నెలలు. మూడు రోజుల జ్వరం. కుర్చీ ఖాళీగా ఉంటే వాళ్ళకి పని ఎలా జరుగుతుందిలే అని నాకూ తెలుసు. తెలిసినా మండుతుంది.

మన భాష నేర్చుకునేవాళ్ళకి పరీక్షలు తయారు చెయ్యడం కూడా ఒక ఉద్యోగమేనా అని మొదట్లో దాన్ని ఆటపట్టించేదాన్ని. అది వంటింట్లో నా పక్కన నోటుపుస్తకం పెట్టుకుని కూర్చుని, నా నోట్లోంచి ఏ మాట వస్తే దాని పక్కన ఒక గీత గీసేది. వారం మొత్తంలో నేను ఒక్కసారి కూడా అనని మాట మొదటి పరీక్షలో ఉండకూడదట. నన్ను జల్లెడ అనేది. ఒకసారి లిఫ్టు మీద రాసిన ప్రశ్న తనే కొట్టేసింది. ఎందుకే అంటే, "లిఫ్టు ఎక్కనివాళ్ళు మాటలన్నీ వచ్చినా తప్పు రాస్తున్నారమ్మా. అది భాషకి పరీక్ష కాదు, లిఫ్టుకి" అంది. అలాంటి పిల్ల.

ఇప్పుడు వినే పరీక్షలో దాని గొంతు తీసేసి నీ గొంతు పెడుతున్నారట. ఇది మీ అమ్మ కావాలని చెప్పలేదు, నోరు జారింది. కుర్చీ తీసుకున్నావు, బాగుంది. గొంతు కూడా తీసెయ్యాలా? అది బాగానే చదివింది కదా. ఎవరినీ తొందర పెట్టేది కాదు.

నా చెల్లెలికి నువ్వు మిగిలావు. ఏ పరీక్ష పెట్టి అలా తేల్చారో నాకు తెలియదు.

ఆ కుర్చీ ఎత్తు మార్చకు.

పెద్దమ్మ


ఆఫీసు, మూడో అంతస్తు
గురువారం

పెద్దమ్మా,

నీ ఉత్తరం మధ్యాహ్నం భోజనానికి బదులు చదువుకున్నాను. తప్పులు లేవు. ఉన్నా నేను దిద్దను.

కుర్చీ ఎత్తు మొదటి రోజే మార్చాను. క్షమించు. అలాగే ఉంటే నా కాళ్ళు నేలకి ఆనలేదు.

అక్క గొంతు తియ్యాలని నేను అడగలేదు. ఏ పాఠమైనా కొన్నేళ్ళకి పాతబడుతుంది. రాసినవాళ్ళు బయటికి వెళ్ళి చెప్పుకుంటారు, మళ్ళీ రాసేవాళ్ళకి అది తేలికవుతుంది, మొదటిసారి రాసేవాళ్ళకి అన్యాయం. అందుకని మారుస్తారు. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

అక్క డ్రాయరులో ఆ నోటుపుస్తకం ఉంది. పేజీ నిండా నీ మాటలు, వాటి పక్కన గీతలు. అన్నిటికంటే ఎక్కువ గీతలు 'కుళాయి'కి. నలభై రెండు.

ఒక చిన్న సంగతి అడుగుతాను. పాఠాలు రికార్డు చెయ్యడానికి ఆఫీసు వాళ్ళిచ్చిన రికార్డర్లు ఆరు. బీరువాలో ఐదే ఉన్నాయి. అరచేతిలో పట్టేంత ఉంటుంది, వెనక నాలుగు అని చీటీ అంటించి ఉంటుంది. అక్క ఇంటికి తెచ్చుకుందేమో ఒకసారి చూస్తావా? దొరికితే మాత్రం దాన్ని పెట్టకుండా అలాగే నాకు పంపించు. మీట నొక్కకు పెద్దమ్మా. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను.

నీ
పొట్టి


మా ఇల్లు
మళ్ళీ సోమవారం

పొట్టీ,

ఇంట్లో అలాంటిదేం లేదు. బీరువా, బల్ల, దాని సంచీలు, కోటు జేబులు అన్నీ చూశాను. లేదు.

కుర్చీ అయింది, గొంతు అయింది, నోటుపుస్తకం నీ డ్రాయరులోనే ఉంది, ఇప్పుడు రికార్డరు కావాలి. ఇంకా ఏం కావాలో ఒక్కసారే చీటీ రాసి పంపు, మూటగట్టి పెడతాను.

ఇది ఇప్పటిది కాదులే. అది బతికున్నప్పుడే నువ్వంటే నాకు కుళ్ళు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి నాతో "తిన్నావా" అనేది, అంతే. తరవాత నీకు ఫోను. గంట. తలుపు దగ్గరగా వేసుకుని నవ్వుకునేది. నేను ఇవతల ఉతికిన బట్టలు మడతపెడుతూ, ఏం మాట్లాడుకుంటున్నారో ఒక్క ముక్క వినపడుతుందేమోనని చెవులు రిక్కించేదాన్ని. నా మాటలన్నీ పుస్తకంలో రాసుకునేది, నాతో మాట్లాడటానికి మాత్రం దానికి తీరిక లేదు. నలభై రెండు గీతలని నువ్వు గొప్పగా రాశావు. కన్నతల్లిని నేను, నా లెక్క నాకు నువ్వు చెబుతున్నావు.

నోటుపుస్తకం పంపించు. నీకేం హక్కుంది దాని మీద?

ఇక్కడ నాకు ప్రశాంతత లేకుండా పోయింది. ఆస్పత్రిలో వార్డులు తుడిచే ఆడవాళ్ళు ఎదురు మేడలో దిగి ఆరు నెలలైంది, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు, ఓ ఇరవై మంది. సాయంత్రం ఐదయ్యేసరికి అందరూ వాళ్ళ వరండాలో బారులు తీరి నా కిటికీ కేసే మొహాలు పెడతారు. వాళ్ళలో పొడుగామె ఒకతె మొన్న నన్ను చూసి చేతులు జోడించింది. నేను కిటికీ తలుపు ఓరగా వేసేశాను. నా ఇంట్లోకి తొంగిచూసి నమస్కారాలేమిటి?

సాయంత్రం ఐదు నాది. అది ఎవరికీ ఇవ్వను.

పెద్దమ్మ


మా ఇంటి పైగది, ఆఫీసు కాదు
పన్నెండో తారీకు

పెద్దమ్మా,

ఈ ఉత్తరం ఎలా రాయాలో ఆలోచించడానికే నాకు మూడు వారాలు పట్టింది. కిందటిసారి నీకు అబద్ధం రాశాను. నువ్వూ నాకు అబద్ధమే రాశావు. ఇద్దరం సమానమయ్యాం కాబట్టి ఇక నిజం రాసుకుందాం.

అక్క పాఠాలు పాతబడలేదు. బయటికి పొక్కాయి. ఈసారి పరీక్ష రాసినవాళ్ళలో పంతొమ్మిది మంది, తేలికపాటి మాటలకి తప్పు అర్థాలు రాసి, వినే పరీక్షలో అందరికంటే కష్టమైన ప్రశ్నలన్నిటికీ సరైన జవాబులు రాశారు. అలా జరగదు. పాఠం ముందే విని ఉంటే తప్ప జరగదు. పంతొమ్మిది మందిదీ ఒకే చిరునామా. మీ ఎదురు మేడ.

అదొక్కటే అయితే నాకూ అర్థమయ్యేది కాదు. 'విన్నది విన్నట్టు రాయండి' అని ఒక ప్రశ్న ఉంటుంది. అందులో ముగ్గురు, పాఠం రాయబోయే ముందు పైన ఒక వాక్యం రాశారు. మేం వినిపించిన పాఠంలో ఆ వాక్యం లేదు. "అమ్మా, రెండు నిమిషాలు కుళాయి కట్టెయ్."

పెద్దసారు అది ఏదో సంకేతం అనుకుంటున్నారు. నాకు చూడగానే అక్క కేక గుర్తొచ్చింది. ఆఫీసులో ఫ్యాను చప్పుడని అక్క మీ ఇంట్లో బట్టల బీరువా తెరిచి, దుప్పట్ల మధ్య తల పెట్టి చదివేది. మొదలుపెట్టే ముందు వంటింట్లో ఉన్న నిన్ను కేకేసేది. ఆఫీసుకి ఇచ్చేటప్పుడు ఆ ముక్క కత్తిరించేది. అది ఉన్నది ఒక్క నాలుగో నంబరులోనే.

నువ్వు రోజూ ఐదింటికి పెట్టుకుంటున్నావు కదూ? కిటికీ తెరిచి.

ఆ పంతొమ్మిది మంది మార్కులు ఆపేశారు. ఇది పాసైతే వాళ్ళు వార్డులు తుడిచే పని నుంచి రోగుల్ని చూసుకునే పనిలోకి వెళ్తారు. ఇప్పుడు వాళ్ళ పేర్ల పక్కన మోసం అని రాయబోతున్నారు. అది ఒకసారి రాస్తే ఇక ఎప్పటికీ పరీక్షకి కూర్చోనివ్వరు. పాఠాల బీరువా తాళంచెవి నా దగ్గర ఉండేది కాబట్టి నన్ను కొన్నాళ్ళు రావద్దన్నారు. నా సంగతి వదిలెయ్. నీ గురించి నేను ఎవరికీ చెప్పలేదు. నువ్వు చెప్పమంటే తప్ప చెప్పను.

ఇంకొకటి. కుళ్ళు నీ ఒక్కదానికే ఉందనుకోకు. నా గొంతు అక్క గొంతులా ఉందని అందరూ అంటారు. అక్క గొంతు నా గొంతులా ఉందని ఒక్కళ్ళూ అనలేదు. ఆ కుర్చీలో కూర్చున్నా ఎవరో లేచి వెళ్ళిన చోట కూర్చున్నట్టే ఉంటుంది.

తలుపేసుకుని గంటసేపు ఏం మాట్లాడేదో తెలుసుకోవాలనుంది కదా నీకు? నీ మాటలు. "ఇవాళ అమ్మ ఏమందో తెలుసా" అని మొదలుపెట్టేది. నువ్వు ఎవరిని ఎలా తిట్టావో నీ గొంతుతోనే అని చూపించేది. ఆ గంటా మేం నవ్వుకున్నది నిన్ను చూసి. నాకు మా అమ్మ మాటలు ఎప్పుడూ అంత వింతగా అనిపించలేదు, అదీ నా కుళ్ళు.

పొట్టి


మా ఇల్లు
పంతొమ్మిదో తారీకు, ఉదయం

పొట్టీ,

నీ ఉత్తరం చదివి ముందు నీ మీద కోపం వచ్చింది, తరవాత వాళ్ళ మీద. నీ మీద కోపం నిలవలేదు. వాళ్ళ మీద నిలిచింది. నా కూతురి గొంతు నా ఇంట్లో నేను వింటుంటే గోడవతల నుంచి జుర్రుకుంటారా అని చెప్పులేసుకుని వీధి దాటి ఎదురు మేడ మెట్లెక్కాను. కడిగెయ్యాలని వెళ్ళాను. ఏమేం అనాలో దారిలో కూర్చుకున్నాను కూడా.

పొడుగామె తలుపు తీసింది. నన్ను చూడగానే ఆ మొహం విప్పారిన తీరు చూస్తే, నేను కూర్చుకున్నవన్నీ ఎక్కడికో పోయాయి. లోపలికి పిలిచి, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చోబెట్టారు. తలా ఒక పుస్తకం తెచ్చి చూపించారు. వంకరటింకర అక్షరాలతో పాఠాలన్నీ రాసుకున్నారు. వినపడని చోట ఖాళీ వదిలి, మర్నాడు విని నింపుకున్నారట. ప్రతి పాఠం పైనా మొదటి వాక్యం అదే. కుళాయి. పాఠం అలాగే మొదలవ్వాలనుకున్నారు పాపం.

నేను వాళ్ళ కోసమే పెడుతున్నాననుకున్నారే. వాళ్ళు పని నుంచి వచ్చే వేళకి కిటికీ తెరిచి, రోజూ ఒకే టైముకి, డబ్బు కూడా అడగకుండా. అందుకని ఆ నమస్కారం. పరీక్షలో ఆ గొంతు వినపడగానే తమ టీచరే వచ్చిందని భయం పోయిందట.

పొడుగామె అడిగింది, "అమ్మా, మీ అమ్మాయి ఎప్పుడు ఇంటికి వస్తుంది? మా కోసం అంత నెమ్మదిగా చదువుతుంది. మేము ఒకసారి మొహం చూడాలి."

వాళ్ళకి తెలియదు పొట్టీ. ఎవరు చెబుతారు, నేను ఎవరితోనూ మాట్లాడను కదా. ఈ ఆరు నెలలూ వాళ్ళ దగ్గర అది బతికే ఉంది. రోజూ సాయంత్రం పనిచేసుకుంటూ, నా మీద కేకలేస్తూ, ఇంట్లోనే ఉంది. నాకు నీ మీద, మీ అమ్మ మీద ఎంతో కుళ్ళు పుట్టింది గాని ఆ గదిలో వాళ్ళ మీద పుట్టినంత ఎవరి మీదా పుట్టలేదు. వాళ్ళ దగ్గరున్న కూతురు నా దగ్గర లేదు.

చెప్పకుండా వచ్చేద్దామనుకున్నాను. కాసేపు వాళ్ళ దగ్గరన్నా ఉండనీ అని. నోరు ఊరుకోలేదు. చెప్పాను. పొడుగామె తన పుస్తకం నెమ్మదిగా మూసి, రెండు చేతులతో పట్టుకుని, నా ఒళ్ళో పెట్టింది. మిగతావాళ్ళూ పెట్టారు. ఒళ్ళో పద్దెనిమిదో పంతొమ్మిదో పుస్తకాలు. తీసుకోలేదు నేను. తిరిగిచ్చేశాను.

రెండు రోజులు ఆలోచించాను. నాలుగో నంబరు నా తలగడ కింద ఉంది. ఇస్తే మళ్ళీ రాదు. ఇవ్వకపోతే పంతొమ్మిది మంది పేర్ల పక్కన మోసం అని ఉంటుంది. మోసం ఎవరిది? లిఫ్టు ఎక్కలేదని ఎవరి మార్కూ పోకూడదన్న పిల్ల. దాని గొంతు పెట్టుకుని నేను వీళ్ళ మార్కులు పోగొడతానా?

నిన్న మీ ఆఫీసుకి వెళ్ళాను. నీకు చెప్పలేదు, చెబితే వద్దంటావని. పెద్దసారు మంచివాడే గాని ఒకటే ప్రశ్న మూడు రకాలుగా అడిగాడు. పరీక్ష పాఠాలు అలా వీధిలోకి వినపడేలా ఎందుకు పెట్టారమ్మా అని. "సార్, నాకది పరీక్షని తోచలేదు. మా అమ్మాయి మాట్లాడుతోందనుకున్నాను" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. రికార్డరు కోసం చెయ్యి చాపాడు. ఆయన చెయ్యి అలాగే ఉంది, నా పిడికిలి అలాగే ఉంది. మొత్తానికి ఇచ్చాను. నీ పేరు, వాళ్ళ పేర్లు దీనికి ముడిపెట్టొద్దని, తప్పు నాదేనని నేను చెప్పినదంతా ఆయన ఒక కాగితం మీద రాసుకుంటే సంతకం పెట్టాను.

వచ్చేటప్పుడు నీ కుర్చీ దగ్గర ఆగాను. కూర్చోలేదు. వెనక చెయ్యేసి చూశాను. బాగా కిందికి దించావు. దించాలి కదా, పొట్టిదానివి.

ఒక్కటి అడుగుతాను. పాఠాలు మీరేమైనా చేసుకోండి. ఆ కుళాయి ముక్క మాత్రం ఎవరికీ ఇవ్వకు. అది పరీక్ష కాదు. అది నన్ను పిలిచింది.

పెద్దమ్మ


ఆఫీసు, మూడో అంతస్తు
నెల మొదటి వారం

పెద్దమ్మా,

నన్ను మళ్ళీ రమ్మన్నారు. నువ్వు ఆఫీసుకొచ్చిన సంగతి ఇక్కడ అందరూ చెప్పారు, ఒక్కొక్కళ్ళు ఒక్కొక్క రకంగా. నువ్వు బల్ల గుద్దావని కూడా ఒకాయన అన్నాడు. గుద్దలేదని నాకు తెలుసు, అయినా కాదనలేదు.

పంతొమ్మిది మంది పేర్ల పక్కన ఏమీ రాయలేదు. ఆ మార్కులు మాత్రం చెల్లవు. అందరూ కొత్త పాఠాలతో మళ్ళీ రాయాలి. కొందరు తప్పుతారు పెద్దమ్మా, అది నేను ఆపలేను, ఆపకూడదు కూడా.

కొత్త పాఠాలు నా ఒక్కదాని గొంతుతో చెయ్యట్లేదు. పట్టుబట్టి ఐదుగురిని పెట్టించాను. ఒక బస్సు కండక్టరు, నత్తిగా మాట్లాడే ఒక గుమాస్తా, పళ్ళు లేని ఒక తాతగారు. వీళ్ళు రేపు వినాల్సింది అలాంటి గొంతులే కదా. అక్క ఉంటే ముందే చేసేది. దీనితోనైనా ఆ కుర్చీ కొంచెం నాదైందనుకుంటున్నాను.

అక్క పాఠాలు ఇక పరీక్షలో పనికిరావు. దాచాల్సిన పనీ లేదు. అందుకని వాటిని సాధన పాఠాలుగా నేర్చుకునేవాళ్ళందరికీ ఇచ్చేస్తున్నారు. ఎవరైనా ఎన్నిసార్లైనా వినొచ్చు. నీకు ఇది ఇష్టముండదని తెలుసు.

నువ్వడిగిన ముక్క ఏ పాఠంలోనూ లేదు. నేనే కూర్చుని అన్నీ తీశాను. పదకొండు. అవి మాత్రమే ఉన్న చిన్న రికార్డరు ఈ పొట్లంలో ఉంది, కొత్తది, వెనక నంబరు లేదు. ఒకదాంట్లో నవ్వుతోంది. రెండిట్లో విసుక్కుంది. ఏడోదాంట్లో నువ్వు "ఆఁ కట్టేశాలే" అనడం కూడా ఉంది. మీ ఇద్దరి గొంతులూ కలిసి ఉన్నది అదొక్కటే.

నోటుపుస్తకం కూడా పెట్టాను. కొత్త పరీక్షకి అవసరమైన మాటలు రాసుకున్నాకే పంపుతున్నాను. కోప్పడకు.

పొట్టి


మా ఇల్లు, వంటింటి కిటికీ దగ్గర
ఆదివారం

పొట్టీ,

పొట్లం ఎప్పుడో అందింది, జవాబు రాయడానికే రెండు నెలలు పట్టింది. ఏడోది నలభైసార్లు విన్నానేమో. నోటుపుస్తకంలో అది నా పేరున గీసిన గీతలు చూశాను. 'పొట్టి' అన్న మాటకి ఇరవై ఆరు. నిన్ను నేను అంత తలుచుకునేదాన్నని నాకే తెలియదు. కుళ్ళుతోనే తలుచుకుని ఉంటాను.

ఫలితాలు వచ్చాయని నీకు తెలిసే ఉంటుంది. పద్నాలుగు మంది పాసయ్యారు. పొడుగామె తప్పింది, మాటల పరీక్షలో రెండు మార్కులకి. నాతో చెప్పడానికి వచ్చి గుమ్మంలో నిలబడింది. కూర్చోమని, ఆ నోటుపుస్తకం తీసి ముందర పెట్టాను. రోజూ పది మాటలు. నేనేం చదువు చెబుతాను గాని, అన్నీ నా మాటలే కదా, నాకు రాకుండా ఎలా పోతాయి. మళ్ళీ మొన్న నేను ఒక మాట అంటే అది పుస్తకంలో లేదని ఆవిడే పక్కన రాసి గీత గీసింది. ఎవరి పుస్తకంలో ఎవరు గీతలు గీస్తారని అనబోయి ఊరుకున్నాను. గీత సన్నగానే గీసింది.

రేపు ఫోను చెయ్యి. మూడుసార్లు మోగనివ్వు. ఎత్తుతాను. నువ్వని ముందే అనుకుని ఎత్తుతాను.

ఇందాక గిన్నెలు కడుగుతున్నాను. ఐదైంది. ఇప్పుడు పాఠాలు వాళ్ళ దగ్గరే ఉన్నాయి కదా, వాళ్ళే పెట్టుకుంటారు. వాళ్ళ కిటికీలోంచి నా కూతురు మాట్లాడటం వింటే ఇంకా కుళ్ళుగానే ఉంటుంది, అది మారలేదు. మధ్యలో ఆపేసి జవాబులు రాసుకుంటారు, మిగతా సగం వాక్యం నేనిక్కడ పూర్తి చేస్తాను.

ఇవాళ పొడుగామె మీట నొక్కబోయే ముందు వరండాలోకి వచ్చింది. ఇక్కడిదాకా వినపడేలా, పాఠం చదివినట్టు నెమ్మదిగా, ఒక్క అక్షరం తప్పు లేకుండా అంది.

"అమ్మా, రెండు నిమిషాలు కుళాయి కట్టెయ్."

ఒళ్ళు భగ్గుమంది. అది నాది అని అరవబోయాను. ఆవిడ చేతిలో పుస్తకం పట్టుకుని నా కిటికీ కేసే చూస్తూ నిలబడింది, నేను కట్టేస్తేగాని మొదలుపెట్టదన్నట్టు.

గిన్నె సగమే కడిగాను. సబ్బు చేతులతోనే కట్టేశాను.

పెద్దమ్మ